ఒత్తులు విరిగే వీఆర్ పాఠాలు కొనొద్దు

సంపాదకులకు నమస్కారం.

2024 నవంబరులో కేంద్ర నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ, మెటా కంపెనీ కలిసి ఐదు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో వర్చువల్ రియాలిటీ (వీఆర్, అంటే కళ్లకు హెడ్‌సెట్ తొడుక్కుని కంప్యూటర్ సృష్టించిన లోకంలో పని నేర్చుకోవడం) కేంద్రాలు పెడతామని ప్రకటించాయి. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, కొన్ని ప్రైవేటు బడులు కూడా ఇప్పుడు వీఆర్ ల్యాబ్ మాట ఎత్తుతున్నాయి. మంచిదే. వెల్డింగ్ నేర్చుకునే కుర్రాడు రాడ్లు తగలెయ్యకుండా వందసార్లు చెయ్యి తిప్పుకోవచ్చు. కరెంటు పనిలోకి వచ్చిన అమ్మాయి షాకు కొట్టని బోర్డు మీద తప్పులు చేసి మరీ నేర్చుకోవచ్చు. మా పేచీ పరికరంతో కాదు, కొనే పద్ధతితో. కొనుగోలు కాగితాల్లో ప్రాసెసర్, మెమరీ, వారంటీల గురించి సాధారణంగా పేజీలకు పేజీలుంటాయి. ఆ హెడ్‌సెట్ ఎవరి ముఖానికి పడుతుంది, అందులో రాసింది ఎవరు చదవగలరు, ఎవరికి కడుపులో తిప్పుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం చోటుండదు. ఆ చోట ఏం రాయాలో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

ముందు మన అక్షరాల సంగతి. చాలా వీఆర్ పాఠాలు యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారవుతాయి. అందులో అక్షరాలు చూపించడానికి ఏళ్లుగా అందరూ వాడేది టెక్స్ట్‌మెష్‌ప్రో. ఇంగ్లిషుకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెలుగు పెడితే ఒత్తులు విరుగుతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల ఆరు ముక్కలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరింటినీ కలిపి ఒక్క ఆకారంగా పేర్చే పని వేరే ఉంది. బ్రౌజర్లలో, ఫోన్లలో ఆ పనిని హార్ఫ్‌బజ్ లాంటి భాగాలు చేస్తాయి. టెక్స్ట్‌మెష్‌ప్రోలో తెలుగుకు కావలసిన ఆ పేర్పు లేదు. అది ఫాంట్‌లోంచి యూనికోడ్ నంబరు (కంప్యూటర్లన్నీ ఒక్కో అక్షరానికి ఉమ్మడిగా వాడే నంబరు) ఉన్న అక్షరాలను ఏరి ఒక పలక మీద అచ్చు వేసుకుంటుంది. తెలుగు ఒత్తులకు యూనికోడ్‌లో విడి నంబర్లు లేవు, అవి ఫాంట్ లోపలి సూత్రాల వల్ల పుడతాయి. కాబట్టి అవి ఆ పలక మీదికే ఎక్కవు. ఫలితం: 'స్త్రీ' కాస్తా 'స్‌త్‌రీ' అవుతుంది, 'విద్యుత్తు' కాస్తా 'విద్‌యుత్‌తు' అవుతుంది. గుడులూ కొమ్ములూ అక్షరానికి అతుక్కోకుండా పక్కకు జారతాయి. ప్రమాద హెచ్చరిక బోర్డు ఇలా ఉంటే ఎవరు చదువుతారు?

దీనికి తయారీదార్లు రెండు దొంగ దారులు పట్టుకున్నారు. ఒకటి, డీటీపీ వాళ్లకు బాగా తెలిసిన పాత యూనికోడేతర ఫాంట్ వాడటం. కంటికి తెలుగులా కనబడుతుంది. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లిషు అక్షరాల గందరగోళం, కాబట్టి దాన్ని ఏ యంత్రమూ పైకి చదివి వినిపించలేదు, వెతకలేదు, వేరే ఫాంట్‌లోకి మార్చలేదు. రెండోది, తెలుగు వాక్యాన్ని బొమ్మగా చేసి అతికించడం. అక్షరం పెద్దది చేయమంటే బొమ్మ మసకబారుతుంది. ఒక్క తప్పు దిద్దాలన్నా బొమ్మ మళ్లీ గీసి, యాప్ మళ్లీ కట్టి, హెడ్‌సెట్లన్నిటిలో మళ్లీ ఎక్కించాలి. సరఫరా అయిన ఏడాదికి ఆ కంపెనీ మనిషి ఫోనెత్తడు, తప్పు అలాగే ఉండిపోతుంది.

అసలు దారి లేక కాదు. యూనిటీ లాంటివే అయిన అన్‌రియల్ ఇంజిన్‌లోనూ, గోడో 4లోనూ అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్ లోపలే ఉంది. యూనిటీ 6లో యూఐ టూల్‌కిట్ అనే భాగానికి వచ్చిన అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ కూడా దాన్నే వాడుతుంది. పాత యూనిటీ వాడక తప్పకపోతే, హార్ఫ్‌బజ్‌తో వాక్యాన్ని అప్పటికప్పుడు పేర్చి తెర మీదికి ఎక్కించే ప్లగిన్ రాయించుకోవచ్చు. పని తెలిసిన ఇద్దరు ప్రోగ్రామర్లకు అది అసాధ్యమేమీ కాదు. అడిగే కొనుగోలుదారుడు లేకే చేయడం లేదు.

పేర్పు కుదిరాక పరిమాణం. వీఆర్‌లో అక్షరం ఎంత పెద్దదన్నది పాయింట్లలో చెబితే అర్థం లేదు, కంటి నుంచి దూరంతో కలిపి చెప్పాలి. గూగుల్ రూపకర్తలు 2017లో ఇచ్చిన కొలత సులువుగా ఉంటుంది: అక్షరం పరిమాణం దాని దూరంలో వెయ్యికి 24 వంతులు ఉంటే హాయిగా చదవొచ్చు. అంటే 2 మీటర్ల దూరంలో బోర్డు పెడితే అక్షరం 4.8 సెంటీమీటర్లు. కానీ ఈ లెక్క ఇంగ్లిషు అక్షరాలకు. మెటా కంపెనీ క్వెస్ట్ 2, 3ఎస్ లాంటి హెడ్‌సెట్లలో చూపు కోణంలో ఒక డిగ్రీకి సుమారు 20 పిక్సెళ్లే ఉంటాయి. ఆ లెక్కన 24 వంతుల అక్షరానికి దొరికేవి 27 పిక్సెళ్లు. ఇంగ్లిషులో ఆ 27లో ఒక్క అక్షరం కూర్చుంటే చాలు. తెలుగులో పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు, మూడంతస్తులూ అందులోనే సర్దుకోవాలి. 'ద' కింద చిన్న గీత పెడితే 'ధ', దాని కడుపులో చుక్క పెడితే 'థ'. ఆ చుక్కకు మిగిలేది ఒకటో రెండో పిక్సెళ్లు. తల కాస్త కదిలినా చుక్క మాయమై 'థ' కాస్తా 'ధ' అయిపోతుంది. అందుకే తెలుగుకు వెయ్యికి 36 వంతుల కన్నా తగ్గొద్దని మా మాట. 2 మీటర్లకు అది 7.2 సెంటీమీటర్లు. పంక్తికీ పంక్తికీ మధ్య అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచాలి, లేకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని గుద్దుకుంటుంది. సన్న గీతల ఫాంట్లు వద్దు, మధ్యస్థంగా లావున్నవి ఎంచాలి.

మాట కూడా పనివాళ్ల మాటే అయి ఉండాలి. ఎలక్ట్రీషియన్ పాఠంలో 'భూసంధానము చేయుము' అని వినబడితే వినేవాడు హెడ్‌సెట్ తీసి పక్కవాణ్ని అడుగుతాడు. ఎర్తు, ఫేజు, న్యూట్రల్, పానా, టెస్టర్ అనండి. అనువాద యంత్రం ఇచ్చిన దాన్ని ఆ పని చేసే మేస్త్రీకి ఒకసారి వినిపిస్తే సగం తప్పులు అక్కడే రాలిపోతాయి.

ఇక ముఖం, తల, కళ్లు.

రెండు కనుపాపల మధ్య దూరం పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఆడవాళ్లలో ఇంకాస్త తక్కువ, పిల్లల్లో మరీ తక్కువ. హెడ్‌సెట్‌లోని రెండు కటకాల మధ్య దూరం దానికి సరిపోవాలి. క్వెస్ట్ 2లో, 3ఎస్‌లో 58, 63, 68 మిల్లీమీటర్ల మూడే మెట్లుంటాయి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. సరిపోకపోతే బొమ్మ మసకగా ఉంటుంది, కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ఆడవాళ్లకు వీఆర్‌లో వికారం ఎక్కువని చాలాకాలం అనుకున్నారు. కే స్టానీ అనే పరిశోధకురాలి బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం ఆ తేడాకు ముఖ్య కారణం కనుపాపల దూరం కుదరకపోవడమేనని చూపింది. లోపం ఆడవాళ్లలో లేదు, కొలతలో ఉంది. కొలవడం కష్టమేమీ కాదు: మిల్లీమీటర్ల స్కేలును కనుబొమల కింద ఆనించి, దూరంగా చూడమని, ఒక కనుపాప ఎడమ అంచు నుంచి రెండో కనుపాప ఎడమ అంచు వరకు చదివితే చాలు. రెండుసార్లు కొలిచి సగటు తీయండి. ప్రతి విద్యార్థి అంకె ఒక చీటీ మీద రాసి హాజరుపట్టీలో అంటిస్తే ప్రతిసారీ కొలవక్కర్లేదు. 58 కన్నా బాగా తక్కువ వచ్చిన పిల్లకు మూడు మెట్ల హెడ్‌సెట్ పెట్టి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టడం తప్పు.

కళ్లద్దాల వాళ్లకు స్పేసర్ అనే చట్రం ఉంటుంది. అది పెట్టకుండా తొడిగితే అద్దం, కటకం ఒకదాన్నొకటి గీరుకుంటాయి. గీరుకున్న కటకానికి మరమ్మతు లేదు. క్వెస్ట్ 2కు చట్రం వెడల్పు 142, ఎత్తు 50 మిల్లీమీటర్లు మించొద్దని కంపెనీయే చెప్పింది. ఇప్పటి పెద్ద గుండ్రటి ఫ్రేములు కొన్ని ఆ ఎత్తు దాటతాయి.

జడ, కొప్పు గురించి కంపెనీల కరపత్రాల్లో కనబడదు. హెడ్‌సెట్ అర కిలో బరువు: క్వెస్ట్ 2 అయితే 503 గ్రాములు, క్వెస్ట్ 3 అయితే 515. ఆ బరువు నిలవాలంటే వెనక పట్టీ తల వెనక ఉబ్బెత్తు ఎముక కిందికి దిగాలి. కొప్పు ఉన్నచోట అది దిగదు, పైకి జారుతుంది. బరువంతా ముక్కు మీద పడుతుంది. పది నిమిషాలకు బుగ్గల మీద ఎర్రటి గీతలు. జడ మధ్య నుంచి పోయేలా వెనక చీలిక ఉన్న పట్టీ అడగండి. తలపాగా, హిజాబ్ మీద కూడా బిగించి చూసుకోండి. జడ విప్పమని, పూలు తీయమని, ముసుగు తొలగించమని అడిగే హక్కు ఏ ల్యాబ్ మాస్టారికీ లేదు.

తలనూనె, పౌడరు, చెమట, కుంకుమ ఇవన్నీ ముఖానికి ఆనే నురుగు ముక్కలోకి ఇంకిపోతాయి. 2021లో మెటా, అప్పటి ఫేస్‌బుక్, క్వెస్ట్ 2 నురుగు ముక్కల వల్ల చర్మం మంట పెడుతోందన్న ఫిర్యాదులతో అమెరికాలో సుమారు 40 లక్షల ముక్కలను వెనక్కి పిలిచి పైన సిలికాన్ తొడుగు ఇచ్చింది. పదిమంది వాడే చోట నురుగు పనికిరాదు, సిలికాన్ తొడుగే కావాలి. ప్రతి మనిషి తర్వాత దాన్ని క్రిమిసంహారక తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కటకాలను మాత్రం స్పిరిట్ తగలకుండా పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, స్పిరిట్ తగిలితే పైపూత పోతుంది. 2023 వానాకాలంలో కళ్లకలక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎలా అంటుకుందో అందరికీ గుర్తే. కన్ను ఎర్రగా ఉన్నవాళ్లకు ఆ వారం వీఆర్ లేదన్న నియమం గోడ మీద రాసి ఉండాలి, హాజరు మాత్రం పోకూడదు.

ఇక్కడే కాలపట్టిక తేలిపోతుంది. 40 మంది, 10 హెడ్‌సెట్లు అనుకోండి. నాలుగు విడతలు. విడతకు 10 నిమిషాల పాఠం, 5 నిమిషాలు తుడవడం, మార్చడం, పట్టీ సర్దడం. మొత్తం గంట. బడిలో పీరియడ్ 40 నుంచి 45 నిమిషాలు. ఈ లెక్క ముందే వేసుకోకపోతే కోత పడేది తుడిచే ఐదు నిమిషాలకే. రెండు పీరియడ్లు కలపండి, హెడ్‌సెట్‌కు రెండేసి చొప్పున 20 తొడుగులు కొనండి, ఒకటి వాడుకలో ఉండగా ఇంకొకటి ఆరుతుంది.

వికారం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. కళ్లు "కదులుతున్నావు" అంటాయి, చెవిలోపలి తూకం "లేదు, కూర్చునే ఉన్నావు" అంటుంది. ఆ తగువులోంచి పుట్టేదే ఇది. ఘాట్ రోడ్డు మీద బస్సులో వచ్చేదానికి అన్నదమ్ముడు. తల తిప్పిన క్షణం నుంచి బొమ్మ మారేవరకు 20 మిల్లీసెకన్లు దాటకూడదని తయారీదార్లు పెట్టుకున్న గీత. సెకనుకు 72 బొమ్మలు చూపే హెడ్‌సెట్‌లో ఒక్కో బొమ్మకు 13.9 మిల్లీసెకన్లు, 90 అయితే 11.1. కంప్యూటర్ మీద అందంగా కనబడిన పాఠం హెడ్‌సెట్‌లోని చిన్న చిప్ మీద ఆ సమయంలో తయారు కాకపోతే బొమ్మలు ఎగిరిపోతాయి, తల తిరుగుతుంది. కాబట్టి పరీక్ష కంప్యూటర్ మీద కాదు, కొనే హెడ్‌సెట్ మీదే చేయాలి, అదీ పాఠం మొత్తం, ఒక్కసారి కూడా 72 కిందికి పడకుండా.

వేగం సరిపోయినా పాఠం నడిపే తీరు తప్పైతే లాభం లేదు. మనిషి కదలకుండా కెమెరాను కదిలించొద్దు. మెట్లు ఎక్కించడం, లిఫ్టులో దించడం, జీపులో తిప్పడం ఇవన్నీ చూపరులను ఆకట్టుకోవడానికి పెట్టే ముచ్చట్లు, పాఠానికి అక్కర్లేనివి. ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పోవాలంటే చూపిన చోటికి ఒక్క గెంతులో చేర్చే టెలిపోర్ట్ మేలు. తిరగడానికి 30 లేదా 45 డిగ్రీల చొప్పున ఠక్కున తిరిగే పద్ధతి పెట్టాలి. నెమ్మదిగా జారుతూ తిరిగే పద్ధతి కావాలన్నవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి పెట్టుకుంటారు. మొదటిరోజు 5 నుంచి 7 నిమిషాలు చాలు. నోట్లో నీళ్లు ఊరడం, చల్లని చెమట, ఆవులింతలు, త్రేన్పులు కనబడితే అక్కడే ఆపాలి. "అలవాటైపోతుందిలే, కానీ" అని నెట్టిన మాస్టారి వల్ల ఆ విద్యార్థి మళ్లీ హెడ్‌సెట్ ముట్టుకోడు.

వికారాన్ని కొలవడానికి 1993లో కెనెడీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు తయారుచేసిన 16 లక్షణాల ప్రశ్నావళి ఉంది. ఉచితం, రెండు నిమిషాల పని. దాన్ని తెలుగులో పెట్టేటప్పుడు ఒక చిక్కు: కళ్లు తెరిచి ఉన్నప్పటి తిరుగుడు, కళ్లు మూసుకున్నప్పటి తిరుగుడు, లోకమంతా గిర్రున తిరిగినట్టుండటం, వీటిని అది మూడు ప్రశ్నలుగా అడుగుతుంది. మనం మూడింటినీ "కళ్లు తిరుగుతున్నాయి" అనేస్తాం. కాబట్టి "కళ్లు మూసుకున్నా తిరుగుతోందా?" "గదే తిరుగుతున్నట్టుందా?" అని విడదీసి అడగాలి. ఇంకొకటి, పాఠం అయ్యాక వెంటనే బండి తాళం చేతికివ్వొద్దు. సాయంత్రం ల్యాబ్ పెట్టి, అటునుంచి అటే హైవే మీదికి టూవీలర్ ఎక్కించడం ప్రమాదం. తల కుదుటపడేవరకు, మా లెక్కన కనీసం అరగంట, కూర్చోబెట్టండి. మూర్ఛ ఉన్నవాళ్లను, పేస్‌మేకర్, వినికిడి యంత్రం వాడేవాళ్లను డాక్టరు మాట లేకుండా ఎక్కించొద్దని కంపెనీ పుస్తకాల్లోనే ఉంది. ఆ ప్రశ్నలు అందరి ముందు అడగొద్దు, చీటీ మీద రాయించుకోండి.

గది. నిలబడి చేసే పాఠానికి మనిషికి 2 మీటర్లు బై 2 మీటర్లు. పదిమందికి 40 చదరపు మీటర్లు, నడిచే దారి అదనం. మామూలు తరగతి గదిలో అది పట్టదు. పైగా మన గదుల్లో సీలింగ్ ఫ్యాన్లుంటాయి. పొడుగు మనిషి కంట్రోలర్ పట్టుకుని చెయ్యెత్తితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చేతుల్లేని తిరిగే కుర్చీల్లో కూర్చుని చేసే పాఠాలు అడగండి, స్థలమూ తగ్గుతుంది, పడిపోవడమూ ఉండదు. హెడ్‌సెట్ తన చోటును గది మీది గీతలు, బొమ్మలు చూసి గుర్తుపడుతుంది. ఉత్త తెల్లగోడలు, పెద్ద అద్దం, మసక వెలుతురు ఉంటే దారి తప్పుతుంది. గోడల మీద నాలుగు చార్టులు అంటిస్తే సరి. ట్యూబ్‌లైట్ల కింద చేతి కంట్రోలర్ వణుకుతున్నట్టుంటే సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని మన కరెంటుకు తగ్గట్టు 50 హెర్ట్జ్‌కు మార్చండి.

ఎండ మాత్రం అసలు శత్రువు. హెడ్‌సెట్ కటకం భూతద్దమే. కిటికీ పక్క బల్ల మీద కటకాలు పైకి పెట్టి వదిలేస్తే కాసేపట్లోనే లోపలి తెర మీద చుక్క కాలిపోతుంది. అది వారంటీలోకి రాదు. వేడి సంగతీ అంతే: ఆపిల్ విజన్ ప్రో 30 డిగ్రీల వరకే పనిచేసేలా చేశామని దాని లెక్కల కాగితమే చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో వీఆర్ ల్యాబ్ పెట్టడం డబ్బు ఎండలో ఆరబెట్టడమే.

దివ్యాంగుల మాటకు వస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మెటా ప్రకటన వచ్చిన ఆ 2024 నవంబరులోనే రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి కావాలి అని చెప్పింది. వీఆర్‌కు ఏం చేయాలో వెబ్ ప్రమాణాలు పెట్టే సంస్థ డబ్ల్యూ3సీ 2021లోనే ఒక పత్రంలో రాసిపెట్టింది. దాన్ని చదివి పాఠంలో పెడితే ఎలా ఉంటుందో ఒక్క ఎలక్ట్రీషియన్ పాఠంలో చూడండి. స్విచ్‌బోర్డు నిలబడ్డవాడి ఛాతీ ఎత్తున ఉంది. చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థి కన్ను నేల నుంచి సుమారు 115, 120 సెంటీమీటర్ల దగ్గరుంటుంది, పై వరుస స్విచ్చి అందదు. మెనూలో "ఎత్తు సరిచేయి" అన్న ఒక్క మీట పెడితే సమస్య పోతుంది. ఒక చేత్తో టెస్టర్, రెండో చేత్తో కవరు ఒకేసారి పట్టుకోమంటే ఒక చెయ్యే ఉన్నవాడు ఆగిపోతాడు. ఒకసారి నొక్కితే పట్టుకునే, మళ్లీ నొక్కితే వదిలే పద్ధతి పెట్టాలి. 2019లో వచ్చిన, వీఆర్ పరికరాలకు ఉమ్మడిదైన ఓపెన్ఎక్స్ఆర్ ప్రమాణం మీద కడితే ఏ పని ఏ మీటకైనా మార్చుకోవచ్చు. ఎరుపు ఫేజు, ఆకుపచ్చ ఎర్తు. రంగుల తేడా తెలియనివాళ్లకు రెండూ ఒకేలా కనబడతాయి, కాబట్టి వైరు మీదే అక్షరం రాసి ఉండాలి. గొంతు వినబడే చోటల్లా కింద రాత ఉండాలి, రెండు పంక్తులు మించకుండా, మాట ఏ వైపు నుంచి వస్తోందో బాణం గుర్తుతో. పుట్టు చెవుడు ఉండి సంజ్ఞాభాషలో పెరిగినవాళ్లకు రాత తెలుగు రెండో భాష, వాళ్లకు భారతీయ సంజ్ఞాభాషలో మనిషి వీడియో పెట్టాలి. యానిమేషన్ బొమ్మతో సరిపెట్టొద్దు, ఆ భాషలో సగం వ్యాకరణం ముఖంలో ఉంటుంది. చూపు లేనివాళ్లకు, ఒక్క కంటితో చూసేవాళ్లకు, వికారం తగ్గనివాళ్లకు అవే మార్కులకు బల్ల మీద అసలు బోర్డుతో పరీక్ష పెట్టాలి. వీఆర్ పెట్టుకోకపోవడం వల్ల ఒక్క మార్కు పోయినా అది వివక్షే.

ఇక ఎవరూ అడగని సంగతి, సమాచారం. వీఆర్ హెడ్‌సెట్ తల, చేతుల కదలికలను సెకనుకు పదులసార్లు రాసుకుంటుంది. పేరు తీసేస్తే గుర్తుపట్టలేరు కదా అనుకుంటే పొరపాటు. 2023లో బర్క్‌లీ పరిశోధకులు 55 వేలమందికి పైగా ఆటగాళ్ల కదలికలు తీసుకుని, 100 సెకన్ల నమూనాతో 94 శాతం మందిని సరిగ్గా గుర్తుపట్టారు. 10 సెకన్లతోనే 73 శాతం. చెయ్యి ఊపే తీరు వేలిముద్ర లాంటిది. ఐటీఐలో 14 ఏళ్లకే చేరొచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, సెక్షన్ 9 ప్రకారం వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి కావాలి, వాళ్ల ప్రవర్తన మీద నిఘా కూడదు. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల వరకు. విద్యాసంస్థలకు నియమాల్లో కొన్ని మినహాయింపులున్నా, అవి చదువుకు అవసరమైన మేరకే. పిల్లల సొంత ఖాతాలతో హెడ్‌సెట్ తెరిపించొద్దు, సంస్థ పేరున, సంస్థే అదుపు చేసే పద్ధతిలో తెరవాలి. దాచుకోవాల్సింది మార్కు, పట్టిన సమయం, చేసిన తప్పులు, అంతే. కదలికల ధార, గది కెమెరా బొమ్మలు, కంటిచూపు జాడ హెడ్‌సెట్ దాటి పోకూడదని ఒప్పందంలో రాయించండి.

వయసు గురించి కంపెనీలకే ఒక మాట లేదు. ఆపిల్ 13 అంటుంది, సోనీ పీఎస్‌వీఆర్2కు 12, మెటా 2023లో 13 నుంచి 10కి దించింది. ఏ వైద్య కారణంతో దించారో తేలేవరకు బడులు 13నే గీతగా పెట్టుకోవడం మంచిది. ఆరో తరగతి పిల్లలకు అదే పాఠం ప్రొజెక్టర్ మీద చూపిస్తే కొంపలేం మునగవు.

చివరగా, కొనే అధికారులకు ఒక పద్ధతి. సరుకు దిగిన రోజున పెట్టెలు లెక్కపెట్టి సంతకం చేయొద్దు. అయిదుగురిని పిలవండి: కనుపాపల దూరం 60 కన్నా తక్కువున్న జడ వేసుకున్న అమ్మాయి, కళ్లద్దాలబ్బాయి, చక్రాల కుర్చీలో వచ్చే ఒకరు, చెవి వినబడని ఒకరు, తెలుగు తప్ప వేరే అక్షరాలు రాని ఒకరు. బోర్డు మీద 'స్త్రీ, రాష్ట్రం, విద్యుత్తు, తీక్ష్ణం, ఉద్ఘాటన, రథం' అని టైపు చేయించి, తెలుగు ఒక్కటే వచ్చిన ఆ అయిదో మనిషి చేత పైకి చదివించండి. 'థ'ను 'ధ' అన్నా, ఒత్తు విడిగా పడినా పాఠం వెనక్కి. మిగతా నలుగురు పాఠం మొదటి నుంచి చివరిదాకా ఎవరి సాయం లేకుండా ముగించాలి, తీసేశాక వికారం మీద ఆ 16 ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఈ అయిదుగురూ గట్టెక్కేవరకు బిల్లులో 30 శాతం ఆపే షరతు టెండరు కాగితంలోనే పెట్టండి. ముందే రాస్తే ఏ కంపెనీ అయినా ఒప్పుకుంటుంది, సరుకు దిగాక అడిగితే ఎవరూ పలకరు.

ఇట్లు,
తెలుగులో వీఆర్ శిక్షణ పాఠాలు తయారుచేసే పని తెలిసినవాళ్లం,
హైదరాబాద్